మంట రేటు

ఇంటర్వ్యూ మెయిలొచ్చిన రోజు
యార్డులో తేజ క్వింటాలు పద్దెనిమిది వేల రెండొందలు.
ఎందుకు గుర్తుందంటే
నేను ఫోను తెరిచేసరికి పెద్దమ్మ ఏసురత్నం
కాళ్లు చాపుకుని షెడ్డులో కూర్చుని
మేస్త్రీని తిడుతోంది.
ఇక్కడ తొడిమలు తీస్తే కిలోకి పన్నెండు,
గోడవతల పదమూడంట.

"ఏందే అది?"
"పీహెచ్‌డీకి పిలిచారు పెద్దమ్మా.
ఒంట్లో జరిగేదాన్ని లెక్కల్లో రాసే చదువు."
"ఎంత కట్టాలి?"
"కట్టేది లేదు. వాళ్లే ఇస్తారు.
నెలకి ముప్పై ఏడు వేలు, ఐదేళ్లు."
చేతిలో కాయ చేతిలోనే ఆగింది.
"చదూకున్నందుకా?"
కాసేపాగి,
"మరి తూకమేసేదెవరు?"

బ్రాడీపేట నాలుగో లైన్లో ట్యూషన్ వదిలాక
ఇంటర్ పిల్లలు చెరపకుండా పోయిన బోర్డు కింద
నా ప్రపోజల్ రాసుకున్నాను.
ముప్పై సార్లు కొట్టేసిన రెండు పేజీలు.

కణం పొర మీద ఒక తలుపుంటుంది.
మిరప ఘాటు వచ్చి గడియ తీస్తుంది.
కాల్షియం గుంపుగా తోసుకొస్తుంది,
సినిమా హాలు గేటు తీసినట్టు.
నిప్పు లేదు,
అయినా ఒళ్లు నిప్పే అనుకుంటుంది.
వేడి నలభై మూడు డిగ్రీలు దాటితే
తెరుచుకునేదీ ఆ తలుపే.
మే నెలలో గుంటూరు దగ్గర
రెండు తాళంచెవులూ ఉంటాయి.

చిలకలకీ ఆ తలుపుంది,
ఈ చెవే పట్టదు.
చుట్టుగుంట కరెంటు తీగ మీద కూర్చుని
ఎర్రటి కాయ నములుతూ అవి మనల్ని చూస్తాయి,
ఇంత గోల ఎందుకన్నట్టు.

పదే పదే తెరిస్తే తలుపు బిగుసుకుంటుంది.
ఎంతసేపట్లో, ఎంత బిగువుగా,
మళ్లీ ఎప్పటికి వదులవుతుంది?
దానికో సమీకరణం ఉంది.
అందులో ఒక్క అక్షరం టౌ,
అదే నా ఐదేళ్లూ.

ల్యాబులో దాన్ని నిమిషాల్లో కొలుస్తారు.
పెద్దమ్మ మొదటి సీజన్లో
రాత్రంతా మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని ఏడ్చిందట.
రెండో ఏడు గిన్నె తీసింది గానీ ముంచలేదు.
మూడో ఏడు మజ్జిగ అన్నంలోకే.
ఇప్పుడు ఇరవై ఆరేళ్లు.
ఆ చేతులకి మంట తెలీదు,
మంట మాత్రం ఆ చేతుల్లోనే ఉంది:
మనవరాలు ఏడిస్తే కళ్లు తుడవబోయి,
ఠక్కున వెనక్కి లాక్కుని,
మోచేత్తో తుడుస్తుంది.

ఇంటర్వ్యూ వీడియోలో.
అయిదు మొహాలు, ఒకటి మాటిమాటికీ గడ్డకట్టేది.
"మీ అంచనాలో టౌ ఎంత?" అన్నారు.
సెకన్లలో చెప్పాల్సిన జవాబు నోటికొచ్చు.
నల్లపాడు వైపు నుంచి గాలి తిరిగి
ఒక దగ్గు, దాని వెనకే ఇంకోటి.
"ఇరవై ఆరేళ్లు" అన్నాను.

నలుగురు నవ్వారు.
గడ్డకట్టిన మొహం కదిలి
"ఎవరివి ఆ చేతులు?" అంది.

చెప్పాను. కొలవాలన్నాను.
అలాంటి చేతులు రెండొందల జతలు,
సీజను ముందొకసారి, సీజను తర్వాతొకసారి.
ఆలోచించి చెప్తామన్నారు.

ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్తే
నా చేతులకి లెక్కలా అని నవ్వి,
ఉన్నట్టుండి నవ్వాపింది.
"కొలిచే రోజు కూలి ఎవురిస్తారే?"

బడ్జెట్లో ఆ వరస లేదు.
రసాయనాలకుంది, కంప్యూటర్‌కుంది,
నేను సదస్సులకెళ్లే రైలు టికెట్లకుంది.
రాత్రికి రాత్రి ఒక గడి కలిపి పంపాను:
పాల్గొన్నవారికి దినకూలి, రెండొందల మందికి, రెండు రోజులు.

సీటు వచ్చిందీ రానిదీ చెప్పలేదు ఇంకా.
ఆ గడికి మాత్రం
శాస్త్రీయ సమర్థన కావాలని రాశారు,
నూట యాభై పదాలు దాటకూడదట.
పెద్దమ్మ గురకపెడుతోంది,
గోరు సందుల్లో ఎరుపు.
తెల్లకాగితం మీద ఇప్పటికి
ఒక్క పదం రాశాను,
తూకం.